సావధాన్‌లో నిలబడిన కళ్లు

ఒక్క పూటలో ఒక మండలం సిపాయిలందరికీ మెదడు దెబ్బతిన్నదని తేల్చిన ఘనుణ్ణి నేను. మా పూర్వీకులు కత్తులూ బల్లేలూ పట్టుకుని జీవితమంతా తిరిగినా ఇంతమంది సిపాయిలను ఒకేసారి పడగొట్టలేకపోయారు. నేను పెన్నుతో పడగొట్టాను. నీలం మూత ఉన్న మామూలు బాల్‌పెన్ను. అది ఎలా జరిగిందో చెబుతాను. నవ్వుకోండి, ఫర్వాలేదు. ఉరవకొండ బస్టాండులో ఒక బస్సు బస్సంతా నన్ను చూసి నవ్వేసింది కాబట్టి మీరు కొత్తగా చేయగలిగిన అవమానం ఏమీ లేదు.

ముందు మా వంశం సంగతి చెప్పనివ్వండి. లేకపోతే తప్పంతా నా ఒక్కడి మీద పడుతుంది.

కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లెలో మాకొక బురుజు ఉంది. ఒకప్పుడు దాని చుట్టూ కోట ఉండేదట. గోడలు వానకు కరిగిపోయాయని మా వాళ్లు చెబుతారు. మా వైపు అంత వాన ఎప్పుడు పడిందని అడిగితే మాత్రం కోపం తెచ్చుకుంటారు. ఒక పల్లకీ ఉంది. దానిలో కోళ్లు గుడ్లు పెడతాయి. ఒక కత్తి ఉంది. దసరాకు దానితో గుమ్మడికాయ కొడతాం. కొన్నేళ్లు గుమ్మడికాయే గెలుస్తుంది. భూములు పోయాయి, బండ్లు పోయాయి, మా ముందు వంగే నడుములు పోయాయి. మిగిలింది మా వెన్నెముక ఒక్కటే. మా నాయన ఎండిపోయిన వేరుశనగ చేను గట్టు మీద కూడా నిటారుగానే నిలబడేవాడు. తల వంచేది చేనే.

మా అవ్వ నాకు రెండు శాసనాలు నేర్పింది. మొదటిది: మన ముందర ఎవరూ కూర్చోకూడదు. రెండోది: ఏదైనా చూడాలనుకుంటే తల తిప్పి చూడాలి గాని, కళ్లు తిప్పి చూడకూడదు. కళ్లు తిప్పేవాళ్లు కోడిని ఎత్తుకుపోయే రకం అని ఆమె నమ్మకం. పల్లకీలో కోళ్లున్న ఇల్లు కదా, ఆమె భయం ఆమెది.

అలాంటి ఇంట్లో పుట్టి నేను చదివింది కళ్ల పరీక్షల చదువు. అనంతపురంలో ఒక కంటి ఆసుపత్రిలో ఉద్యోగం. మొదటి నెలలో అవ్వ చూడటానికి వచ్చింది. రోగి కుర్చీలో దర్జాగా కూర్చుని ఉన్నాడు. నేను ఎదురుగా నిలబడి అతని ముక్కు మీద అద్దాల చట్రం సర్దుతున్నాను.

"ఎవురు నాయనా ఆ కూసున్నోడు?" అంది అవ్వ.

"రోగి, అవ్వా."

"లేపు."

"లేపితే చూపు ఎలా పరీక్ష చేయాలి?"

"మన బురుజు ముందర నిలబడి చూసినోళ్లకు చూపు లేకపోయిందా ఏం?" అని వెళ్లిపోయింది. ఆ మాట నా బుర్రలో ఒక మూల గుడ్డు పెట్టి కూర్చుంది. అది పొదిగి పిల్లయ్యే రోజు ఉరవకొండలో వచ్చింది.

మా పెద్ద డాక్టరు సుగుణ మేడమ్. తలకు చిన్న దెబ్బ తగిలిన సైనికుల కళ్లను పరీక్షించే పని ఒకటి ఆమె మొదలుపెట్టారు. దగ్గరలో ఏదో పేలినప్పుడో, బండి బోల్తా కొట్టినప్పుడో, కొండ మీద కాలు జారినప్పుడో తలకు దెబ్బ తగులుతుంది. కొంచెంసేపు దిమ్మెక్కుతుంది, మళ్లీ లేచి నడుస్తారు. స్కానింగులో ఏమీ కనిపించదు. గోడ మీది అక్షరాలు చివరి వరుస దాకా చదువుతారు. అంతా బాగుందని పంపేస్తారు. కాని కొందరికి రెండు కళ్లూ కలిసి పనిచేయడం మానేస్తాయి.

"కాడికి కట్టిన ఎద్దుల మాదిరి అనుకో," అన్నారు మేడమ్. "రెండూ బలంగానే ఉంటాయి. ఒకటి అర అడుగు వెనకపడిందంటే సాలు వంకర పోతుంది. చదివితే తలనొప్పి, చూపు తిప్పితే కళ్లు తిరగడం, ఒక్కోసారి ఒక వస్తువు రెండుగా కనపడటం. వాళ్లు చెప్పుకోరు. చెబితే డ్యూటీ ఎగ్గొట్టడానికి నాటకం అంటారేమోనని భయం. మనమే పట్టుకోవాలి."

పరీక్ష చాలా సులువు. తల కదపకుండా పెన్నును కళ్లతో వెంబడించమనాలి. పెన్ను కుడికీ ఎడమకూ, పైకీ కిందికీ పోతుంది. తర్వాత రెండు వేళ్లు దూరంగా పెట్టి ఒకదాని నుంచి ఇంకొకదానికి చూపు దూకించమనాలి. చివరికి పెన్నును మెల్లగా ముక్కు దగ్గరికి తేవాలి, ఎక్కడ రెండుగా కనిపిస్తే అక్కడ చెప్పమనాలి.

"కూర్చోబెట్టి చెయ్యి. ముందు రెండు మాటలు మాట్లాడి భయం తియ్యి. మధ్యాహ్నానికి నేనూ వస్తాను," అన్నారు మేడమ్.

నేను తల ఊపాను. ఊపుతూనే, కూర్చోబెట్టే సంగతి మనం చూసుకుందాంలే అనుకున్నాను.

ఉరవకొండలో ఒక కల్యాణ మండపం తీసుకున్నారు. చుట్టుపక్కల పల్లెల నుంచి సెలవు మీద వచ్చిన జవాన్లు, ఈ మధ్యనే పింఛను తీసుకున్నవాళ్లు, ఎప్పుడో ఒకప్పుడు తలకు దెబ్బ తగిలినవాళ్లు వచ్చారు. వాళ్లను పోగుచేసింది రిటైరైన సుబేదారు నారాయణప్ప. ఆయన మీసాలు మనిషి కన్నా అర నిమిషం ముందు గదిలోకి వచ్చేవి. గొంతు ఎంత పెద్దదంటే, మండపంలో ఆయన గుడ్‌మార్నింగ్ చెబితే బయట మేకలు లేచి నిలబడ్డాయి.

"ఏం సార్, మా పిల్లోళ్లను ఎట్ల పెట్టల్ల మీ ముందర? కుర్చీలు ఏపిచ్చల్లనా?"

అదిగో, ఆ క్షణంలో నా బుర్రలో గుడ్డు పగిలింది. ఎదురుగా వరసగా సిపాయిలు. వాళ్లకొక సేనాపతి. అతను నా ఆజ్ఞ కోసం కాచుకుని ఉన్నాడు. మా వంశంలో ఇలాంటి దృశ్యం చూసిన చివరి మనిషికి ఎన్ని తరాల కిందట తద్దినం పెట్టారో నాకే తెలియదు. నా వెన్నెముక మరో అంగుళం సాగింది.

"కుర్చీలు అక్కర్లేదు. సావధాన్‌లో నిలబెట్టండి," అన్నాను.

సుబేదారు కళ్లు పెద్దవి చేశాడు. "సావధాన్‌లోనా? కళ్ల పరీక్షకా?"

"అవును."

"సరిగ్గా చెప్తాండారా సార్?"

"నేను ఒకసారే చెబుతాను," అన్నాను. మా ముత్తాత అలాగే అనేవాడట.

"హుకుం," అని ఆయన బూటు మడమలు కలిపి టపీమనిపించాడు. ఆ శబ్దానికి నాకు కలిగిన ఆనందం ఇప్పుడు తలచుకున్నా సిగ్గేస్తుంది. ఆయన గబగబా వరస దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి వాళ్లకేదో చెప్పాడు. ఏం చెప్పాడో నేను అడగలేదు. సేనాపతి సేనతో మాట్లాడుతుంటే మధ్యలో దూరడం మర్యాద కాదు కదా.

ఈలోగా ఒక ఆడమనిషి నా దగ్గరికి వచ్చింది. పేరు రత్నమ్మ. ఆమె భర్త ఓబులేసు సైన్యంలో లారీ డ్రైవరు. వరస చివర నిలబడి ఉన్నాడు.

"సార్, మా ఇంటాయప్పను కొంచెం గట్టిగా చూడండి. చలికాలంలో ఆడ కొండల్లో లారీ పల్టీ కొట్టినాదంట. తలకు తగిలినాదంట. ఏం కాలేదంటాడు. కాని ఇంటికొచ్చినకాడి నుంచి చూస్తాండా, పేపరు చదివేటప్పుడు ఒక కన్ను మూసుకుంటాడు. నీళ్ల చెంబు గట్టు మీద పెడ్తాండా అని కింద పెడ్తాడు. అడిగితే అరుస్తాడు. ఈ పొద్దు సాయంత్రం గుంతకల్లులో రైలెక్కి పోతాడు సార్. మళ్లా ఆ కొండల్లోనే బండి తోలల్ల."

ఇంతకంటే స్పష్టంగా ఏ రోగి గురించీ ఎవరూ ఏ డాక్టరుకూ చెప్పి ఉండరు. నేను ఏమన్నానో తెలుసా?

"అమ్మా, మీరు చెప్పక్కర్లేదు. పరీక్షే చెబుతుంది."

పరీక్ష మొదలైంది. "సావధాన్!" అని సుబేదారు కేక పెట్టాడు. మండపం పైకప్పు మీద పావురాలు లేచిపోయాయి. సిపాయిలు కర్రల్లా బిగుసుకున్నారు.

మొదటివాడు కుర్ర జవాను. "పెన్ను చూడు," అన్నాను. పెన్నును కుడికి జరిపాను. అతని కళ్లు కొంచెం కుడికి కదిలాయి.

"ఏయ్! కన్ను!" అని సుబేదారు వెనక నుంచి ఉరిమాడు.

జవాను కళ్లు ఠక్కున మధ్యకు వచ్చి ఆగాయి. ఆహా, ఏమి క్రమశిక్షణ అనుకున్నాను. మళ్లీ పెన్ను జరిపాను. కళ్లు కదల్లేదు. ఎడమకు జరిపాను. కదల్లేదు. పైకి, కిందికి, ముక్కు మీదికి. అతను నా పెన్ను లోంచి, నా తల లోంచి, నా వెనక గోడ లోంచి ఎటో గుంతకల్లు వైపు చూస్తున్నాడు.

"పెన్ను కనిపిస్తోందా?"

"కనపడ్తాండాది సార్!"

"మరి చూడు."

"చూస్తాండా సార్!"

"రెండుగా కనిపిస్తే చెప్పు."

"చెప్పను సార్!"

పాపం, మాట కూడా తడబడుతోంది! కాగితం మీద గుర్తు పెట్టుకున్నాను. రెండోవాడి దగ్గరికి వెళ్లాను. అతనూ అంతే. మూడోవాడూ అంతే. ఒకడి చెంప మీద ఈగ వాలి మీసం దాకా నడిచి వచ్చినా అతని కన్ను కదల్లేదు. ఈగను కూడా చూడలేని స్థితికి వచ్చేశాడే అని నా కళ్లు చెమర్చాయి.

మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది. చిన్నప్పుడు పంద్రాగస్టు పరేడు చూసిన ఎవరికైనా అర్థమవుతుంది. సావధాన్ అంటే సిపాయి కళ్లు ఎదురుగా చూస్తూ రాయిలా ఉండాలి, ముందు నుంచి ఏనుగు వెళ్లినా కదలకూడదు. నాకు మాత్రం అర్థం కాలేదు. నేను శత్రువుల కోట పట్టిన ఊపులో ఉన్నాను.

వరస చివరికి ఓబులేసు దగ్గరికి వచ్చాను. అందరూ చెమటలు కక్కుతుంటే ఇతనొక్కడే హాయిగా నిలబడి ఉన్నాడు. ఆ హాయి ఎందుకో అప్పుడు తెలిస్తే ఎంత బాగుండేది! కళ్లు కదపకుండా నిలబడటం ఒక్కటే అతను ఇప్పుడు నొప్పి లేకుండా చేయగలిగిన పని. అతని రోగానికి ఇంతకన్నా మంచి ముసుగు ఎవరూ కుట్టి ఇవ్వలేరు. కుట్టి ఇచ్చింది నేను.

బయటికి వచ్చి మేడమ్‌కు ఫోన్ చేశాను. "మేడమ్, ఘోరం. ఒక్కరికీ కళ్లు కదలడం లేదు."

"ఒక్కరికీనా?"

"ఒక్కరికీ. రెండు కళ్లూ. ఏ దిక్కుకూ. అంబులెన్సు ఒకటి చాలదు, బస్సు మాట్లాడండి."

"నువ్వు బాగానే ఉన్నావా?" అన్నారు మేడమ్.

"నాకేమైంది మేడమ్, వాళ్ల గురించే నా బాధ."

"ఎవరికీ ఏమీ చెప్పకు. బయల్దేరుతున్నా."

చెప్పకూడదనే అనుకున్నాను. కాని షామియానా కింద కూర్చున్న ఒక ముసలమ్మ నా ముఖం చూసి పట్టేసుకుంది. "ఏమప్పా, మా వోనికేమన్నా అయినాదా?" అని గడ్డం పట్టుకుంది. కరిగిపోయి, కళ్లు కదలడం లేదని గొణిగాను.

"కదలకపోవడమేంది? మొన్న పెళ్లిలో వడ్డించే పాపను ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసినాడే! ఏ కండ్లతో చూసినాడు?"

"అప్పుడే వచ్చి ఉంటుందమ్మా, జబ్బు," అన్నాను గంభీరంగా.

అంతే. షామియానా కింద గోల లేచింది. ఒకామె ఏడుపు, ఇంకొకామె మొక్కు, ఒక పెద్దాయన ఉరవకొండ నీళ్లలోనే ఏదో ఉందని వాదన. మండపం లోపల సిపాయిలు ఇంకా సావధాన్‌లోనే ఉన్నారు. విశ్రామ్ చెప్పమని నేను చెప్పలేదు. నా హుకుం లేకుండా సుబేదారు చెప్పడు.

సుగుణ మేడమ్ కారు దిగి సగం పరుగున లోపలికి వచ్చారు. వరసను చూశారు. నన్ను చూశారు. ఆమె ఏదో అనబోయేంతలో పక్క తలుపు లోంచి హోటలామె పెద్ద పళ్లెం ఎత్తుకుని వచ్చింది. తాలింపు పెట్టిన బొరుగుల ఉగ్గాని, దాని మీద అప్పుడే నూనెలోంచి తీసిన మిరపకాయ బజ్జీలు. ఆ వాసనకు సుబేదారే ఒక మెట్టు దిగాడు.

"సార్, పిల్లోళ్లు తింటారు. విశ్రామ్ ఇచ్చల్లనా?"

తల ఊపాను. "విశ్రామ్!"

ఆ తర్వాత నేను చూసింది నా జన్మలో మరచిపోను. పళ్లెం కుడి నుంచి ఎడమకు వెళ్లింది. వరసలోని కళ్లన్నీ కుడి నుంచి ఎడమకు వెళ్లాయి. హోటలామె పళ్లెం పైకెత్తింది, కళ్లన్నీ పైకి లేచాయి. బల్ల మీదికి దించింది, దిగాయి. ఒక బజ్జీ దొర్లి అంచుకు వచ్చింది. కళ్లన్నీ దాని మీదికి దూకాయి, అది పడలేదని తెలిశాక తిరిగి పళ్లెం మధ్యకు దూకాయి. మేడమ్ వైద్య కళాశాలలో కూడా ఇంత చక్కని కంటి కదలికలు చూసి ఉండరు.

"సుబేదారు గారూ," అన్నారు మేడమ్ నెమ్మదిగా, "వీళ్లకు మీరు ఏమని చెప్పారు?"

"సారు సావధాన్ అన్నాడు గదా మేడమ్. అంటే గట్టితనం పరీక్ష అనుకొంటి. సారు పెన్ను ఆడిస్తాడు, చూడమంటాడు, ఆశ పెడ్తాడు, కన్ను కదిలినోడు ఫెయిలు అని చెప్తి. ఒక్కడు గూడ కదలలేదు మేడమ్! ఊరి పేరు నిలబెట్టినారు!"

మేడమ్ గోడ వైపు తిరిగి నిలబడ్డారు. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నారనుకున్నాను. ఏడవడం లేదు.

"కూర్చోబెట్టమన్నాను కదయ్యా," అన్నారు కళ్లు తుడుచుకుంటూ. "కూర్చోబెట్టడానికి నీకేం అడ్డమొచ్చింది?"

బురుజు అడ్డమొచ్చిందని ఎలా చెప్పను? తల వంచుకున్నాను. మా వంశంలో అదే మొదటిసారి అనుకుంటా.

అలా వంచుకున్న తలకు ఒక లాభం కలిగింది. కిందికి చూస్తే ఓబులేసు చేయి కనిపించింది. అతను ఒక కన్ను మూసుకుని బజ్జీని చట్నీ గిన్నెలో ముంచబోయాడు. గిన్నెకు బెత్తెడు ఇవతల, ఉత్త బల్ల మీద ముంచాడు. ముంచి, ఎవరైనా చూశారేమోనని తలంతా తిప్పి చూశాడు. కళ్లు తిప్పలేదు. తల తిప్పాడు.

రత్నమ్మ చెప్పిన చెంబు అప్పుడు గుర్తొచ్చింది నాకు.

"అందర్నీ కూర్చోబెట్టి మళ్లీ మొదలుపెడదాం," అని మేడమ్ అంటుండగా కుర్చీలు వచ్చాయి. బయట ఏడుపులు తిట్లుగా మారాయి. తిట్లు నా మీదికే. అవన్నీ పడి ఇటు తిరిగేసరికి ఓబులేసు లేడు. చట్నీ మరక ఉంది, మనిషి లేడు.

రత్నమ్మ పరుగెత్తుకొచ్చింది. "పరీక్ష పాసైనా, పోతాండా అని సంచి ఎత్తుకోని బస్టాండుకు పోయినాడు సార్! మీరే గదా పరీక్ష చెప్తాదంటిరి. ఏం చెప్పినాది మీ పరీక్ష?"

ఆ మాట తగిలినట్టు నాకు ఏ తిట్టూ తగల్లేదు. కొండ దారిలో, లోయ పక్కన, వెనక లారీ నిండా మనుషులతో, రెండుగా కనిపించే రోడ్డు మీద ఆ మనిషి బండి తోలబోతున్నాడు. అతని చేతికి పాస్ ఇచ్చి పంపింది నేను.

"సుబేదారు గారూ, బండి!"

ఆయన బండి పాత టీవీఎస్ మోపెడ్. ముందు ఆయన మీసాలు, వెనక నేను, నా వెనక రత్నమ్మ, ఆమె ఒడిలో ఖాళీ బజ్జీల పళ్లెం. అదెందుకు తెచ్చిందో ఆమెకే తెలియదు. మా పూర్వీకులు ఏనుగు మీద ఊరేగిన వీధులు అవునో కాదో గాని, ఆ వీధుల్లో నేను ముగ్గురి మోపెడ్ మీద తెల్లకోటు ఎగురుతూ వెళ్లాను. "యాడికి సార్, యుద్ధానికా?" అని ఎవరో అరిచారు. సుబేదారు గర్వంగా, "ఆ!" అన్నాడు.

గుంతకల్లు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఓబులేసు కిటికీ పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. ఎక్కి అతని సీటు దగ్గరికి వెళ్లాను.

"దిగప్పా ఓబులేసూ, ఒక్క నిమిషం."

"పాసైనా గదా సార్. సుబేదారు సాబే చెప్పినాడు."

"ఆ పరీక్ష తప్పు. తప్పు నాది. మళ్లీ చూస్తాను."

"రైలు పోతాది సార్." కళ్లు తెరవలేదు.

"టికెట్ యాడికి సార్?" అన్నాడు కండక్టరు.

"ఎక్కడికీ కాదు."

"ఎక్కడికీ పోనోళ్లకు బస్సెందుకు? దిగండి."

నిలబడి ఇక లాభం లేదని తెలిసింది. మా అవ్వ పెట్టిన శాసనాలు రెండూ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఒక్కసారి కళ్లు మూసుకుని, శనక్కాయ పొట్టూ బీడీ ముక్కలూ నిండిన ఆ బస్సు నేల మీద, సీట్ల మధ్య, అతని మోకాళ్ల ముందు చతికిలబడి కూర్చున్నాను. మా వంశం మొత్తం నాతోపాటు ఆ పొట్టులో కూర్చుంది.

ఓబులేసు ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. "అయ్యో, లేయండి సార్! ఏంది సార్ ఇది!"

"లేవను. తల కదపకుండా ఈ పెన్ను చూడప్పా. సావధాన్ లేదు, పాసూ లేదు, ఫెయిలూ లేదు."

పెన్ను కుడికి జరిపాను. బస్సులో ఉన్నవాళ్లందరి కళ్లూ కుడికి జరిగాయి. ఎడమకు జరిపితే ఎడమకు. "నాకు గూడ చూడు నాయనా, పనిలో పని," అంది ముందు సీటు అవ్వ. బస్సంతా నవ్వింది. ఓబులేసు కళ్లు మాత్రం సగం దారిలో ఆగి, తడబడి, గెంతి, మళ్లీ ఆగాయి. నుదుటి మీద చెమట పట్టింది. పెన్నును ముక్కు వైపు తేవడం మొదలుపెట్టాను. మూరెడు దూరంలోనే ఒక కన్ను పక్కకు జారిపోయింది.

"ఎన్ని పెన్నులు?"

"ఒకటే సార్."

"పట్టుకో."

చేయి చాపాడు. పెన్నుకు పక్కన గాలిని పట్టుకున్నాడు. ఇంకోసారి చాపాడు. ఇంకో పక్క గాలి. బస్సులో నవ్వు ఆగిపోయింది.

"రెండు," అన్నాడు మెల్లగా. "రెండు అగపడ్తాండాయి సార్. ఆ పొద్దు నుంచీ అంతే. ఆడ ఘాట్‌లో రెండు రోడ్లు అగపడ్తాయి. యాది నిజమో తెలీక ఒక కన్ను మూసుకోని తోలినా. చెప్తే పనిదొంగ అంటారు సార్. స్కానింగులో ఏమీ లేదని రాసినారు. లేని జబ్బును ఏమని చెప్పుకొందు?"

"ఉంది," అన్నాను. "ఉంది ఓబులేసూ. నేను చూశాను. దీనికి పేరుంది, వైద్యం ఉంది. నువ్వు నాటకం ఆడటం లేదు."

అంత పెద్ద మనిషి చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. నా వెనకే బస్సెక్కిన రత్నమ్మ పళ్లెం పక్కన పెట్టి అతని సంచి తీసి భుజాన వేసుకుంది. కండక్టరే ముందుగా తేరుకున్నాడు. "దిగన్నా. నువ్వు ఎక్కాల్సిన బండి ఇది కాదు ఇప్పుడు. నీ వెనకాల లారీలో ఎంతమంది కూచుంటారో యోచన చెయ్యి," అని, నా వైపు తిరిగి, "మీరు గూడ లేయండి సార్, కాళ్లు తిమ్మిరెక్కినాయేమో," అని చేయి అందించాడు. నిజంగానే ఎక్కాయి. నేల మీద కూర్చునే అలవాటు లేని కాళ్లు.

మండపంలో సుగుణ మేడమ్ అతన్ని మళ్లీ పరీక్షించారు. అనుమానమే లేదన్నారు. సైనిక ఆసుపత్రికి అన్నీ వివరంగా రాశారు, వాళ్లతో ఫోన్‌లో మాట్లాడారు. నయమయ్యే దాకా స్టీరింగు ముట్టుకోకూడదు, సాధన మాత్రం రోజూ చేయాలి. దారానికి రంగు పూసలు కట్టి, ఒక కొస కిటికీకి, ఒక కొస ముక్కుకు ఆనించి, దూరపు పూస నుంచి దగ్గరి పూసకు చూపును నడిపించుకుంటూ రావాలి. వెనకపడిన ఎద్దుకు నడక నేర్పినట్టే. మిగిలినవాళ్లందరి కళ్లూ బాగున్నాయి. బజ్జీలే ఆ మాట ముందు చెప్పాయి కదా.

కొన్ని నెలల తర్వాత సెలవు మీద వచ్చినప్పుడు ఓబులేసు, రత్నమ్మ అనంతపురం వచ్చారు. అతన్ని మా ఆసుపత్రిలో మంచి కుర్చీలో కూర్చోబెట్టాను. నేను అతని కన్నా పొట్టి స్టూలు వేసుకున్నాను. పెన్ను కుడికీ ఎడమకూ జరిపాను. కళ్లు నూనె రాసిన బండి చక్రాల్లా వచ్చాయి. ముక్కు దాకా తెచ్చాను. రెండు కళ్లూ పోటీపడి ముక్కు మీదికి చేరాయి. అంత అందమైన మెల్లకన్ను నేనెన్నడూ చూడలేదు.

"ఎన్ని పెన్నులు?"

"ఒకటే సార్. నీలం మూత. మూతను ఎవురో కొరికినారు."

కొరికింది నేనే. ఆ బస్సులో.

"మళ్లా బండి ఇస్తామన్నారు సార్," అన్నాడు. రత్నమ్మ నవ్వుతూ స్టీలు డబ్బా బల్ల మీద పెట్టింది. "ఇప్పుడు చెంబు గట్టు మీదనే పెడ్తాండాడు. అరవడం మాత్రం తగ్గల్యా."

"సార్, ఆ పెన్ను ఇట్లియ్యండి," అన్నాడు ఓబులేసు. "మమ్మల్ని అందర్నీ చూస్తిరి. మిమ్మల్ని ఎవురు చూసినారు? తల కదపొద్దు."

పెన్ను కుడికి జరిపాడు. నేను ఠీవిగా తల కుడికి తిప్పాను.

"తల కాదు సార్, కండ్లు."

ఎడమకు జరిపాడు. నేను స్టూలుతో సహా ఎడమకు తిరిగాను.

"మేడమ్! సారుకు కండ్లు కదలడం లేదు!"

సుగుణ మేడమ్ తలుపు దగ్గరికి వచ్చి చూసి, గంభీరంగా అడిగారు. "దెబ్బ ఎప్పుడు తగిలింది?"

"పుట్టకముందే మేడమ్," అన్నాను. "వంశపారంపర్యం."

అక్కడికక్కడే లేచి నిలబడి, ఇంట్లో గుమ్మడికాయకు ఓడిపోయే కత్తి మీదా, కోళ్లు ఏలుతున్న పల్లకీ మీదా, వానకు కరిగిందని చెప్పుకునే కోట మీదా ఒట్టుపెట్టుకుని అందరి ముందూ ప్రతిజ్ఞ చేశాను. ఈ దేహంలో ప్రాణం ఉన్నంతకాలం నా ఎదుట ఏ మనిషినీ సావధాన్‌లో నిలబెట్టను. రోగి భార్య చెప్పే మాటకు పరీక్షను అడ్డం పెట్టను. రోగి కుర్చీకి నా స్టూలు ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది.

ఇంత ప్రతిజ్ఞా నేను చేసింది సావధాన్‌లోనే. పాత అలవాటు. తల కదల్లేదు, మెడ కదల్లేదు, వెన్నెముక సంగతి చెప్పక్కర్లేదు. కళ్లు మాత్రం, పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి, వాటంతట అవే పక్కకు కదిలాయి. రత్నమ్మ బజ్జీల డబ్బా మూత తీసింది.